అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో విన్ ఎస్పీఎంబీటీ

ట్యాంకు యుద్ధాల మీద కంప్యూటర్ ఆట ఏది చేతికొచ్చినా నేను దానికి పెట్టే పరీక్ష ఒకటే. 1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ అనే పల్లె చుట్టూ జరిగిన పోరు ఆ ఆటలో నిలుస్తుందా, లేదా అని చూస్తాను. లెక్కలు మాత్రమే చూస్తే ఆ పోరులో పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్ గెలిచి ఉండాలి. వారి దగ్గర 90 మిల్లీమీటర్ల గన్, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉన్న అమెరికా ప్యాటన్ ట్యాంకులు ఉన్నాయి. మన రెండో స్వతంత్ర ఆర్మర్డ్ బ్రిగేడ్‌లో ఒక రెజిమెంటుకు మాత్రమే బ్రిటిష్ సెంచూరియన్ ట్యాంకులు ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకదానికి తేలికపాటి ఫ్రెంచి ఏఎంఎక్స్-13లు, మరొకదానికి రెండో ప్రపంచ యుద్ధ కాలపు షెర్మన్లు దక్కాయి. అయినా మూడో రోజు ముగిసేసరికి భారత సైన్యం లెక్క ప్రకారం 97 పాకిస్తానీ ట్యాంకులు ధ్వంసమో, పట్టుబడో అయ్యాయి. పట్టుబడిన ప్యాటన్లను తెచ్చి వరసగా నిలబెట్టిన భిఖీవిండ్ పరిసరాలకు కొంతకాలం ప్యాటన్ నగర్ అనే పేరే స్థిరపడింది.

కవచం మందాన్ని, గన్ వ్యాసాన్ని పట్టికలో పోసి ఏ ట్యాంకు మేలో చెప్పడానికి ఆటతో పని లేదు. తక్కువ ట్యాంకు ఎక్కువ ట్యాంకును ఎలా పడగొట్టిందో ఆడేవారికి అనుభవంలోకి వచ్చేలా చేయగలిగితేనే అది చరిత్రను తిరిగి నిలబెట్టిన ఆట అని నేను నమ్ముతాను. ఆ నమ్మకంతోనే గత ఐదారు నెలలుగా సాయంత్రాలు కేటాయించి, విన్ ఎస్పీఎంబీటీ (స్టీల్ పాంథర్స్: మెయిన్ బ్యాటిల్ ట్యాంక్) అనే ఆటలో అసల్ ఉత్తర్ సినారియోను, అంటే ఆ పోరు మ్యాపును, దళాలను, నా చేతులతో నేనే కట్టుకుని, దాన్ని పలుమార్లు రెండు వైపుల నుంచీ ఆడి చూశాను. ఆ అనుభవమే ఈ సమీక్షకు ఆధారం.

ఆట పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. ఎస్ఎస్ఐ అనే ఆటల సంస్థ 1995లో గ్యారీ గ్రిగ్స్‌బీ, కీత్ బ్రోర్స్ రూపొందించిన స్టీల్ పాంథర్స్‌ను విడుదల చేసింది. మరుసటి ఏడాది ఆధునిక యుద్ధాలతో దాని రెండో భాగం వచ్చింది. ఆ రెండో భాగాన్ని కామో వర్క్‌షాప్ అనే చిన్న బృందం తీసుకుని, ఏళ్ల తరబడి ఓపికగా మెరుగుపరచి, 1946 నుంచి ఇటీవలి కాలం వరకు జరిగిన యుద్ధాల కోసం విన్ ఎస్పీఎంబీటీగా తీర్చిదిద్దింది. రెండో ప్రపంచ యుద్ధానికి దీని తోడబుట్టిన ఆట వేరుగా ఉంది. ష్రాప్‌నెల్ గేమ్స్ అనే సంస్థ ద్వారా ఇది ఉచితంగా దొరుకుతుంది. డబ్బు పెట్టి కొనుక్కునే రూపంలో పెద్ద రిజల్యూషన్లు, మరికొన్ని సదుపాయాలు ఉంటాయి కానీ నేను ఆడింది ఉచిత రూపమే. పాత లాప్‌టాప్ మీద కూడా ఏ తడబాటూ లేకుండా నడుస్తుంది.

యుద్ధభూమి అంతా షట్కోణపు గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడి 50 మీటర్లకు సమానం. పలకలోని ఒక్కో బొమ్మ ఒక ట్యాంకో, ఒక జీపో, ఒక సెక్షన్ పదాతి దళమో అవుతుంది. ఒక వైపు వారు తమ వంతు మొత్తం ఆడిన తర్వాత రెండో వైపు వారు ఆడతారు. ప్రతి ట్యాంకుకూ ఒక వంతులో ఇన్ని గుండ్లని లెక్క ఉంటుంది, కదిలినకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. మన వంతులో పేల్చకుండా దాచుకున్న గుండ్లు ఎదుటివారి వంతులో, వారు మన కళ్ల ముందుకు వచ్చినప్పుడు, వాటంతట అవే పేలతాయి. ట్యాంకు ముందు, పక్క, వెనుక, పైభాగాల కవచం లెక్కలతో పాటు సిబ్బంది అనుభవం, ధైర్యం, చూపు, రేంజ్‌ఫైండర్ నాణ్యత వంటివి కూడా విడివిడిగా అంకెల్లో ఉంటాయి. గుండు తగలకపోయినా పక్కన పడితే చాలు, సిబ్బంది మీద ఒత్తిడి పెరుగుతుంది. మూత మూసుకుని లోపల కూర్చుంటారు, చూపు తగ్గుతుంది, ఇంకా పెరిగితే వెనక్కి తిరుగుతారు. ఆన్‌లైన్‌లో పిల్లలు ఆడే ట్యాంకు ఆటల్లో ట్యాంకు నెత్తిన ఉండే ప్రాణాల గీత ఇందులో లేదు. ఒక గుండు సరైన చోట తగిలితే ట్యాంకు పోతుంది, తగలకపోతే మిగులుతుంది. అసలు ట్యాంకు యుద్ధం స్వభావం కూడా ఇదే.

ఇందులో భారత, పాకిస్తాన్ సైన్యాల ఆయుధ పట్టికలు రెండూ సంవత్సరాల వారీగా ఉన్నాయి. తేదీని 1965 సెప్టెంబరుగా పెట్టగానే ఆ నాటికి వాడుకలో ఉన్నవే ఎంపికకు వస్తాయి. సెంచూరియన్, షెర్మన్, ఏఎంఎక్స్-13, 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని తేలికపాటి గన్) బిగించిన జీపు, అవతలి వైపు ఎం47, ఎం48 ప్యాటన్లు, చిన్న చాఫీ ట్యాంకులు ఒక్కొక్కటిగా తెర మీదికి వస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. ట్యాంకు యుద్ధ ఆటల్లో నూటికి తొంభై రెండో ప్రపంచ యుద్ధపు నార్మండీ, కుర్స్క్, ఆర్డెన్స్ పోరాటాల చుట్టూనే తిరుగుతాయి. మన ఉపఖండపు యుద్ధాలను ఇంత శ్రద్ధతో లెక్కకట్టి ఉంచిన ఆట వేరొకటి నాకు తారసపడలేదు.

మొదటి ప్రయత్నంలో నేను ఘోరంగా విఫలమయ్యాను. తప్పు ఆటది కాదు, నాది. ఖేమ్‌కరణ్ నుంచి భిఖీవిండ్ వైపు వెళ్లే రోడ్డు, ఆ రోడ్డు మీద అసల్ ఉత్తర్, చీమా ఊళ్లు, చుట్టూ చదునైన పొలాలు, అడ్డంగా కాలువలు వేసి, పొలాలను మామూలు పొలాలుగానే వదిలేశాను. చూపు ఎంత దూరం ఆనాలనేది సినారియోలో మనమే పెట్టాలి. సెప్టెంబరులో ఎండ బాగానే ఉంటుంది కదా అని దాన్ని రెండు కిలోమీటర్లకు పైగా పెట్టాను. ఆట మొదలైన నాలుగో వంతుకే ప్యాటన్లు దూరం నుంచే నా షెర్మన్లను ఒక్కొక్కటిగా ఏరేశాయి. షెర్మన్ గుండ్లు ప్యాటన్ ముందు కవచానికి తగిలి జారిపోతూ ఉంటే చూస్తూ ఉండిపోయాను. అంకెల ప్రకారం అది సరైన ఫలితమే. కానీ చరిత్రలో అలా జరగలేదు. ఎందుకు జరగలేదో తెలుసుకోవడానికి మళ్లీ మ్యాపు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్ నాయకత్వంలోని నాలుగో మౌంటెన్ డివిజన్ ముందరి స్థానాలు వదులుకుని అసల్ ఉత్తర్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో సర్దుకుని కూర్చుంది. ఆ నాడా మధ్యలోకి శత్రువును రానిచ్చి మూడు వైపుల నుంచీ కొట్టాలన్నది ఆలోచన. నాడా చేతుల్లో ట్యాంకులను ఎత్తుగా పెరిగిన చెరకు తోటల్లో దాచారు. కాలువలకు గండ్లు కొట్టి రాత్రికి రాత్రే పొలాల్లోకి నీళ్లు వదిలారు. బరువైన ప్యాటన్లు ఆ నానిన నేలలోకి దిగి కదల్లేక చిక్కుకున్నాయి. అంటే ఆ యుద్ధంలో ప్యాటన్‌కు ఉన్న గొప్పతనమంతా దూరం మీద ఆధారపడి ఉంది, ఆ దూరాన్ని చెరకు, నీళ్లు కలిసి తినేశాయి. నేను మ్యాపులో వేయని రెండూ అవే.

రెండో ప్రయత్నంలో ఆ ఊళ్ల చుట్టూ చూపును అడ్డగించే ఎత్తైన పైర్లను గళ్ల మీద గళ్లుగా పరిచాను. రోడ్డుకు ఒక పక్కన పొలాలను బురద నేలగా మార్చాను. కొన్ని చోట్ల లోతు ఎక్కువున్న చిత్తడి గళ్లు పెట్టాను. ఈ ఆటలో అలాంటి గడిలోకి దిగిన వాహనం కదల్లేక ఆగిపోయే ప్రమాదం ఉంది, ఎప్పుడు ఆగుతుందో ముందుగా తెలియదు. ప్యాటన్లకు నిజంగా ఎదురైన పరిస్థితి కూడా అదే.

ఆ రోజు ఆటలోని ఒక వంతును కొంచెం దగ్గరగా వివరిస్తాను. ఈ ఆట గొప్పదనం అక్కడే నాకు పూర్తిగా అర్థమైంది. ప్రతి ట్యాంకుకూ ఎంత దూరం లోపల శత్రువు కనబడితే తనంతట తాను కాల్పులు మొదలుపెట్టాలో మనం నిర్ణయించవచ్చు. రోడ్డుకు తూర్పున పైరు లోపల దాచిన మూడు షెర్మన్లకు ఆ హద్దును ఎనిమిది గళ్లుగా, అంటే 400 మీటర్లుగా, పెట్టి వంతు ముగించాను. అవతలి వైపు ఐదు ప్యాటన్లు రోడ్డు వెంట వచ్చాయి. మొదటిది 700 మీటర్ల దూరంలో నాకు స్పష్టంగా కనిపించింది. నా గన్నర్లకూ కనిపించింది, కానీ పేల్చలేదు. రెండోది బురద తప్పించుకోవడానికి పైరు వైపు తిరిగి, తన పక్క కవచాన్ని మొత్తం నా వైపు పెట్టింది. ఆరు గళ్ల దూరంలో మొదటి షెర్మన్ పేల్చింది, తగల్లేదు. రెండో గుండు టరెట్ (గన్ ఉండి చుట్టూ తిరిగే పైభాగం) కింద పక్క భాగంలో దిగి ప్యాటన్ నిలిచిపోయింది. ఆ పేలుడుతో నా షెర్మన్ ఎక్కడుందో బయటపడి, మిగిలిన ప్యాటన్లు దాని మీదికి తిరిగాయి. అలా తిరగడంతో మిగిలిన రెండు షెర్మన్లకు వాటి పక్కలు దొరికాయి. ఆ ఒక్క వంతులో మూడు ప్యాటన్లు పోయాయి, నాది ఒక్క షెర్మన్ పోయింది. దగ్గరి దూరంలో ప్యాటన్ రేంజ్‌ఫైండర్‌కు విలువ లేకుండా పోవడం, ముందు ఎవరు చూశారన్నదే ఫలితాన్ని తేల్చడం, ఎక్కడా ప్రత్యేకంగా రాసిపెట్టిన నియమం వల్ల కాకుండా, చూపు, దూరం, కవచం అనే మామూలు లెక్కలు కలవడం వల్లనే జరిగాయి. ఆ ఊరి పేరుకు ‘అసలైన జవాబు’ అనే అర్థం ఎందుకు అతికిందో ఆ వంతు తర్వాత నాకు కొత్తగా బోధపడింది.

ఆ షెర్మన్ల మీద నాకున్న మమకారాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. అసల్ ఉత్తర్‌లో షెర్మన్లతో పోరాడింది డెక్కన్ హార్స్, అంటే తొమ్మిదో హార్స్ రెజిమెంటు. దాని మూలాలు 1790 నాటి హైదరాబాదు నిజాం అశ్విక దళంలో ఉన్నాయి. 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర ఈటెలతో, గుర్రాల మీద దాడి చేసింది ఈ రెజిమెంటువారే. 1945లో బర్మాలో షెర్మన్ ట్యాంకులతో యుద్ధం చేసింది వీరే. ఇరవై ఏళ్లు గడిచాక, ప్రపంచం ఎంతో ముందుకు పోయాక, తమకంటే ఒక తరం కొత్త ట్యాంకుల ముందు మళ్లీ షెర్మన్లతోనే నిలబడ్డారు. అప్పటి వారి కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కర్నల్ అరుణ్ వైద్యకు మహావీర్ చక్ర దక్కింది, తర్వాతి కాలంలో ఆయన సైన్యాధ్యక్షులు కూడా అయ్యారు. సెంచూరియన్లున్న మూడో కేవల్రీని నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ సలీం కేలబ్‌కు కూడా అదే పురస్కారం లభించింది. హైదరాబాదులో పుట్టి పెరిగిన నాకు తెర మీది ఆ చిన్న షెర్మన్ బొమ్మలకు డెక్కన్ హార్స్ అని పేరు పెట్టుకోగలగడం, వారి అనుభవాన్ని, ధైర్యాన్ని తెలిపే అంకెలను చేతనైనంత న్యాయంగా సర్దడం, ఈ ఆట ఇచ్చిన పెద్ద కానుక.

జీపుల సంగతి కూడా విడిగా చెప్పుకోవాల్సిందే. నాలుగో గ్రెనెడియర్స్‌కు చెందిన అబ్దుల్ హమీద్ రికాయిల్‌లెస్ గన్ ఉన్న జీపుతో పైర్ల మాటు నుంచి ప్యాటన్లను కొట్టి, చోటు మార్చుకుని మళ్లీ కొట్టి, సెప్టెంబరు 10న అమరుడై పరమవీర చక్ర పొందిన ఉదంతం మనందరికీ తెలిసిందే. ఆటలో జీపుకు కవచం లేదు, ఒక మెషిన్‌గన్ చాలు దాన్ని పోగొట్టడానికి. గన్ పేల్చిన వెంటనే అది కనబడిపోతుంది. ఒకే చోట రెండు వంతులు ఉంచితే నా జీపు ఎప్పుడూ మిగల్లేదు. పేల్చిన వెంటనే వెనక్కి పోనిచ్చి, వేరే గట్టు చాటుకు చేర్చి, తర్వాతి వంతులో మళ్లీ పేలిస్తే మాత్రం అది ట్యాంకుతో సమానంగా పనిచేసింది. అలా చేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఆ అంకెల వెనుక నాకు కొంతైనా కనిపించింది. ఆ జీపును మౌస్ బటన్‌తో కదుపుతూ కూర్చున్నప్పుడు తొందరపాటుగా ఆడటం తప్పనిపించి, ప్రతి కదలికకూ ఆగి ఆలోచించాను.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది వంతుల పద్ధతి. ఒక వైపు కదులుతున్నంతసేపూ రెండో వైపు, తనంతట తాను పేలే గుండ్లు తప్ప, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆటలో ఆరితేరినవారు పనికిరాని వాహనం ఒకదాన్ని ముందు పంపి, శత్రువు దాచుకున్న గుండ్లన్నీ దాని మీద ఖర్చయ్యాక అసలు దాడి నడిపిస్తారు. యుద్ధంలో అలా వరస కట్టి జరగదు, అందరూ ఒకేసారి కదులుతారు. కంబాట్ మిషన్ అనే వేరే ట్యాంకు యుద్ధ ఆటల్లో రెండు వైపులవారూ ముందే ఆజ్ఞలు ఇచ్చి, ఆ తర్వాత 60 సెకన్ల యుద్ధం ఒకేసారి జరగడం చూస్తారు. ట్యాంకుల ముఖాముఖికి ఆ పద్ధతి ఇంతకంటే ఎంతో సహజంగా ఉంటుంది, త్రీడీలో నేల ఎత్తుపల్లాలు కూడా కళ్లకు కడతాయి. అయితే ఆ ఆటల్లో 1965 పంజాబు లేదు. అందుకే నేను ఇక్కడే ఉండిపోయాను.

రెండో లోపం నీళ్లు. మ్యాపు మొదట ఎలా ఉంటే చివరి దాకా అలాగే ఉంటుంది. కాలువకు గండి కొట్టడం, నీళ్లు మెల్లగా పాకడం, నిన్న గట్టిగా ఉన్న నేల ఈ రోజు బురద కావడం ఆట మధ్యలో జరగవు. అసల్ ఉత్తర్‌లో ఇది చిన్న విషయం కాదు. మొదటి రోజు వచ్చిన దారినే మళ్లీ వచ్చిన ప్యాటన్లకు ఆ నేల మారిపోయి కనిపించడమే వారి పతనానికి సగం కారణం. మూడు రోజులకు మూడు సినారియోలు వేరువేరుగా కట్టి, ప్రతి దానిలో బురదను కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం తప్ప నాకు వేరే మార్గం దొరకలేదు. పని ఎక్కువైనా ఫలితం సంతృప్తికరంగానే వచ్చింది.

కంప్యూటర్ ప్రత్యర్థి గురించి ఎక్కువ చెప్పను. అది లక్ష్యపు గళ్లను చూసుకుని వాటి వైపే వస్తుంది. దాని దళాలకు దారులు, ఆగే చోట్లు మనమే ముందుగా నిర్ణయించి పెట్టకపోతే గుంపుగా రోడ్డెక్కి వచ్చి పడుతుంది. ఖేమ్‌కరణ్ సినారియోలో పాకిస్తాన్ వైపు నడపడానికి అది ఒక మేరకు సరిపోతుంది, మన వైపు మాటువేసి నిలబడటానికి మాత్రం అది పనికిరాదు. బొమ్మలు ముప్పై ఏళ్ల క్రితపువి. తెర మీది చిన్న చిన్న బటన్లను గుర్తుపట్టడానికే మొదటి వారం సరిపోతుంది. తోడుగా వచ్చే మాన్యువల్ పెద్దది, శ్రద్ధగా రాసినది. దాన్ని చదవకుండా ఆట మొదలుపెట్టినవారు రెండో రోజే వదిలేస్తారని నా అభిప్రాయం. ఆర్టిలరీ విభాగం ఒక్కటి చదివినా చాలు, ఎక్కడ గుండు పడాలో ఈ వంతులో చెబితే అది రెండు వంతుల తర్వాత పడటం వెనుక ఉన్న కారణం తెలుస్తుంది.

ఇద్దరు మనుషులు ఆడినప్పుడే దీని అసలు బలం బయటపడుతుంది. వంతు ముగిశాక వచ్చే ఫైలును ఈమెయిల్‌లో పంపితే, అవతలివారు తీరిక ఉన్నప్పుడు తెరిచి తమ వంతు ఆడి తిరిగి పంపుతారు. ఇద్దరికీ వేర్వేరు పాస్‌వర్డులు ఉంటాయి కనుక ఒకరి స్థానాలు మరొకరికి తెలియవు. విశాఖపట్నంలో ఉన్న నా చిన్ననాటి మిత్రుడి తమ్ముడికి భారత సైన్యాన్ని ఇచ్చి, నేను పాకిస్తాన్ వైపు తీసుకున్నాను. నేను కట్టిన మ్యాపే, నేను పరిచిన పైర్లే, ఏ గడిలో బురద ఉందో నాకు కంఠతా వచ్చు. అయినా ప్యాటన్ల వైపు కూర్చుని ఆ చెరకు తోటలను చూసినప్పుడు, ఏ గడిలో ఏ ట్యాంకు దాగి ఉందో తెలియక, బలమైన ట్యాంకులు చేతిలో ఉండి కూడా ముందుకు పోవడానికి మనసొప్పలేదు. పదాతి దళాన్ని ముందు పంపి తోటలు వెతికించాలని తెలుసు. కానీ నాకున్న వంతులు తక్కువ, ట్యాంకులతో పాటు రావలసిన పదాతి వెనుక నడుచుకుంటూ వస్తోంది. తొందరపడి ఒక స్క్వాడ్రన్‌ను పశ్చిమం నుంచి చుట్టూ తిప్పాను. నాలుగు ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. మిగిలినవాటిని ఏ వైపు నుంచి కొడుతున్నారో తెలిసేలోపే ఐదు పోయాయి.

ఆ రాత్రి వచ్చిన ఈమెయిల్‌లో ఫైలుతో పాటు ఒక్క వాక్యమే ఉంది: “అన్నయ్యా, చీమా పక్కనున్న ఆ షెర్మన్‌ను మొదటి వంతు నుంచి ఒక్క గడి కూడా కదపలేదు, మీరు దాని ముందు నుంచే రెండుసార్లు వెళ్లారు.” ఫైలు తెరిచి చూస్తే నాకు ఇంకా పన్నెండు వంతులు, పదకొండు ప్యాటన్లు మిగిలి ఉన్నాయి. ఈసారి పదాతి దళం వచ్చి చేరేదాకా వాటిని రోడ్డు మీదే ఆపి ఉంచాను.